ముద్దాయి ఎవరు? హైదరాబాదు కోర్టుల రెండు పుట్టుకలు

మా నాయనమ్మ ఇనుప సందూకులో ఒక కాగితం ఉండేది. నాలుగు మడతలు. మడతలు పడ్డచోట చిరిగితే ఎవరో వెనక పలచటి గుడ్డ అతికించారు. పైనుంచి కిందిదాకా అంతా ఉర్దూ రాత. కింద మూలన మాత్రం నల్ల సిరాతో, వంకరటింకరగా, తెలుగులో మా ముత్తాత దస్కతు.

మాది శంకర్‌పల్లి పక్క ఊరు. ఆ కాగితం ఇంట్లో ఎవరికీ చదవరాదు. మా తాత చిన్నప్పుడు ఎవరో చదివి వినిపిస్తే రెండు మాటలు మాత్రం గుర్తుండిపోయాయట: ముద్దాయి, రాజీనామా. ఆ రెండు మాటల చుట్టూ ఇంట్లో ఒక కథ అల్లుకుంది. ముత్తాత ఏదో కేసులో ముద్దాయి అయ్యాడని, ఆ మచ్చతోనే పటేల్‌గిరీకి రాజీనామా ఇచ్చాడని. ఈ సంగతి చెప్పేటప్పుడు మా బాపు గొంతు తగ్గించేవాడు.

భూమి పని మీద పాత కాగితాలన్నీ తీయాల్సి వచ్చినప్పుడు దాన్ని పురానీ హవేలీ సందుల్లో ఉర్దూ కాగితాలు చదివిపెట్టే ఒక పెద్దాయన దగ్గరికి పట్టుకుపోయాను. ఆయన కళ్లద్దాలు సర్దుకొని, మొదటి వరుస మీద వేలు పెట్టి, "మీ ముత్తాత ముద్దయి" అన్నాడు. నేను తల దించుకున్నాను. ఆయన నా మొహం చూసి నవ్వలేదు. "ముద్దయి అంటే దావా వేసినాయన బేటా. ఎవరి మీద వేసిండో ఆయన ముద్దాలై. ఇది రాజీనామా. ఇద్దరూ రాజీకొచ్చిన కాగితం" అన్నాడు.

బావి నీళ్ల వాటా మీద మా ముత్తాతే దావా వేశాడు. ఎదుటివాడు సగం వాటా ఒప్పుకున్నాడు. మున్సిఫు ముందు ఇద్దరూ దస్కతులు పెట్టారు. ఆ కాగితంలో ఉన్నది అంతే. ముద్దాయి అంటే తెలుగులో నేరం మోపించుకున్నవాడు, ఉర్దూ కోర్టు కాగితంలో న్యాయం అడిగినవాడు. రాజీనామా అంటే మనకు కొలువు వదులుకోవడం, అక్కడ తగాదా వదులుకోవడం. రెండు తరాలు మా ఇల్లు మోసిన మచ్చకు కారణం ఈ తేడాయే.

ఆ కాగితాన్ని అర్థం చేసుకుందామని మొదలుపెడితే కోర్టుల చరిత్ర అంతా తవ్వాల్సి వచ్చింది. జిల్లా కోర్టు అని ఇవాళ ఒకే పేరుతో పిలుస్తున్నాం గానీ తెలుగు నేల మీద దానికి రెండు పుట్టుకలున్నాయి. ఒకటి ఈస్టిండియా కంపెనీది, ఒకటి నిజాముది. ఆ రెండూ ఒకే ఊళ్లో, ఒకదానికొకటి కనుచూపు మేరలో పనిచేసిన చోటు హైదరాబాదు.

కంపెనీవాళ్ల జిల్లా కోర్టు

ముందు కంపెనీ సంగతి. 1772లో వారన్ హేస్టింగ్స్ బెంగాల్లో ప్రతి జిల్లాకూ ఒక దివానీ అదాలత్, ఒక ఫౌజ్‌దారీ అదాలత్ ఉండాలని ఏర్పాటు చేశాడు. సొత్తు, అప్పు, భూమి తగాదాలు దివానీ. నేరాలు ఫౌజ్‌దారీ. ఈ పేర్లు, ఈ విభజన మొగలు కాలం నాటివే, కంపెనీ వాటిని అలాగే ఎత్తుకుంది. వకీలు, మున్సిఫు, అమీను, నాజరు, శిరస్తాదారు, జామీను, దస్తావేజు, నకలు ఇవన్నీ అదే దారిలో వచ్చాయి. అందుకే నిజాము ఏలుబడి ఎప్పుడో పద్దెనిమిదో శతాబ్దంలోనే పోయిన రాజమండ్రిలో కూడా కోర్టు మాటలు సగం పారసీ మాటలే.

హేస్టింగ్స్ ఏర్పాటులో దివానీ అదాలత్‌కు కలెక్టరే పెద్ద. శిస్తు వసూలు చేసేదీ ఆయనే, శిస్తు మీద తగాదా వస్తే తీర్చేదీ ఆయనే. కలెక్టరు మీద ఫిర్యాదును కలెక్టరుకే చెప్పుకోవాలి. 1793లో కార్న్‌వాలిస్ ఈ ముడి విప్పాడు. శిస్తు కలెక్టరుకు, తీర్పు జిల్లా జడ్జికి. ఈ పద్ధతి మద్రాసు రాజధానిలోకి, అంటే మద్రాసు ప్రెసిడెన్సీలోకి, 1802 రెగ్యులేషన్లతో వచ్చింది. అప్పుడే తెలుగు జిల్లాల్లో జిల్లా కోర్టులు పుట్టాయి. వాటి మీద అప్పీళ్లు వినడానికి నాలుగు ప్రొవిన్షియల్ కోర్టులు పెట్టారు. ఉత్తర విభాగానిది మచిలీపట్నంలో ఉండేది.

"డిస్ట్రిక్ట్ అండ్ సెషన్స్ జడ్జి" అని కోర్టు గది ముందు బోర్డు చూస్తుంటాం. ఒక మనిషికి రెండు పేర్లెందుకో ఇక్కడే తెలుస్తుంది. మొదట్లో పెద్ద నేరాల విచారణ జిల్లా జడ్జిది కాదు. ప్రొవిన్షియల్ కోర్టు జడ్జీలే వంతులవారీగా జిల్లాలు తిరిగి, వచ్చినప్పుడు కొలువు తీరి విచారించేవారు. ఆ కొలువు తీరడమే సెషన్స్. వాళ్లు వచ్చేదాకా ఖైదీ జైల్లో పడి ఉండాల్సిందే. సాక్షులు ఊళ్లనుంచి నడిచొచ్చి పడిగాపులు కాయాల్సిందే. 1843లో ఈ ప్రొవిన్షియల్ కోర్టులు తీసేసి, ఆ పని కూడా జిల్లా జడ్జికే ఇచ్చారు. దివానీ పీట మీద డిస్ట్రిక్టు జడ్జి, ఫౌజ్‌దారీ పీట మీద సెషన్స్ జడ్జి.

కార్న్‌వాలిస్ విప్పిన ముడిని 1816లో మన్రో మళ్లీ వేశాడు, మద్రాసు రాజధాని మటుకు. గ్రామ మున్సబులు, జిల్లా మున్సిఫులు వచ్చి చిన్న దావాలు మనవాళ్ల చేతికి రావడం ఆయన రెగ్యులేషన్లలో మంచి భాగం. కానీ పోలీసునూ మెజిస్ట్రేటు అధికారాన్నీ కలెక్టరుకు అప్పగించారు. పట్టుకునే చెయ్యి, శిక్షించే చెయ్యి ఒకటే అయ్యాయి. దాదాపు దేశమంతటికీ వర్తించేలా ఈ రెంటినీ చట్టంతో విడదీసింది 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్. అమల్లోకి వచ్చింది 1974 ఏప్రిల్ 1న.

మిగతాది తొందరగా చెప్పుకోవచ్చు. 1860లో శిక్షాస్మృతి, 1862లో మద్రాసు హైకోర్టు, 1872లో సాక్ష్య చట్టం, 1873లో మద్రాసు సివిల్ కోర్టుల చట్టం. మున్సిఫు, సబ్ జడ్జి, జిల్లా జడ్జి అనే మెట్లు అప్పటికి గట్టిపడ్డాయి.

నిజాము అదాలత్

ఇటువైపు హైదరాబాదులో 1853లో దివాను, అంటే ప్రధాని, అయిన మొదటి సాలార్‌జంగ్ దాకా నికరమైన జిల్లా అన్నదే లేదు. 1865లో ఆయన జిలాబందీ చేశాడు. రాజ్యాన్ని సుభాలుగా, జిల్లాలుగా, తాలూకాలుగా కట్టాడు. జిల్లాకు అవ్వల్ తాలూక్‌దారు, అంటే కలెక్టరు. కోర్టులను కూడా తరగతులుగా పేర్చాడు. పేరు అదాలతే అయినా, చట్టం కలకత్తా నుంచో మద్రాసు నుంచో వచ్చేది కాదు. నిజాము రాజ్యానికి సొంత శిక్షాస్మృతి, సొంత సివిల్ ప్రొసీజర్ కోడ్, సొంత స్టాంపు కాగితాలు ఉండేవి. హైకోర్టు మీద అప్పీలు లండన్‌కు పోదు. నిజాముకు సలహా చెప్పే జుడీషియల్ కమిటీయే ఆఖరి గడప.

కోర్టు భాష మొదట పారసీ. 1880ల మధ్యలో దాని స్థానంలో ఉర్దూ వచ్చింది. సాక్షి తెలుగులో చెప్తాడు, ముంషీ ఉర్దూలో రాస్తాడు, రాసింది సరిగ్గా ఉందో లేదో తెలియకుండానే సాక్షి బొటనవేలు ఒత్తుతాడు. మా ముత్తాత తన రాజీనామా మీద తెలుగులో దస్కతు చేయగలిగాడు గానీ దాని పైనున్న ఒక్క అక్షరమూ చదవలేకపోయాడు. తెలంగాణలో భూమి కాగితాల మీద ఇవాళ్టికీ తగ్గని భయానికి ఒక వేరు ఇక్కడే ఉందని నేను నమ్ముతాను.

ఒక సంగతి మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. కలెక్టరు అధికారాన్నీ న్యాయాధికారాన్నీ పూర్తిగా విడదీయడం అనే పని, బ్రిటిష్ ఇండియాలో కాంగ్రెసువాళ్లు మహాసభల్లో ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చినది, ఏడో నిజాము ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానాతో హైదరాబాదులో 1921-22 నాటికే జరిగిపోయింది. తాలూక్‌దారు తీర్పు చెప్పడం ఆగి జిల్లాకు నాజిం అనే జడ్జి, తాలూకాకు మున్సిఫు వచ్చారు. మూసీ దక్షిణపు ఒడ్డున హైకోర్టు భవనం తలుపులు తెరిచింది కూడా అప్పుడే, 1920 ఏప్రిల్ 20న. పునాది రాయి పడింది 1915 ఏప్రిల్ 15న. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద ఊరిని ఊడ్చుకుపోయిన ఏడేళ్లకు, అదే నది ఒడ్డున, గులాబీ రాయితో, ఎర్ర ఇసుకరాయితో కట్టడం మొదలుపెట్టారు. నక్షా గీసినవాడు జైపూరు శంకర్‌లాల్. దగ్గరుండి కట్టించిన ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్.

అయితే ఈ విడదీత దివానీ ఇలాకాలో, అంటే సర్కారు నేరుగా ఏలే ఊళ్లలోనే. రాజ్యంలో దాదాపు మూడో వంతు జాగీర్లు. పాయగాలనే పెద్ద నవాబుల జాగీర్లకూ, గద్వాల వనపర్తి లాంటి సంస్థానాలకూ సొంత కోర్టులుండేవి. అక్కడ జాగీర్దారు కొలువులో జీతం తీసుకునే మనిషే రైతుకూ జాగీర్దారుకూ నడుమ తీర్పు చెప్పేవాడు. కార్న్‌వాలిస్ 1793లో తప్పని చెప్పిన పద్ధతి 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యేదాకా ఇక్కడ నడిచింది. ఇక దొర గడీ ముందు చేతులు కట్టుకొని నిలబడ్డవాడికి మున్సిఫు కోర్టు అనేదొకటి ఉందన్న సంగతే చాలా ఊళ్లలో తెలియదు. హైకోర్టు గుమ్మటాలను మెచ్చుకునేటప్పుడు దీన్ని పక్కకు పెట్టడం నాకు చేతకాదు.

ఏటి అవతల ఇంకో చట్టం

ఇప్పుడు చిక్కు దగ్గరికి వద్దాం. హైకోర్టు నుంచి మూసీ దాటి కోఠీ వైపు నడిస్తే పావుగంట కూడా పట్టదు. ఇప్పటి మహిళా విశ్వవిద్యాలయం ఉన్న పాత భవనం అప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే నిజాము దగ్గర బ్రిటిష్ ప్రతినిధిగా ఉండే రెసిడెంటు నివాసం. కిర్క్‌పాట్రిక్ కట్టించినది. దాని చుట్టూ పెరిగిన బజారు రెసిడెన్సీ బజారు. అక్కడ నిజాము కొత్వాలు చెయ్యి చెల్లదు. రెసిడెంటు మనుషులే పోలీసు, వాళ్లే మెజిస్ట్రేటు. అమలయ్యేది బ్రిటిష్ ఇండియా చట్టం. ఉత్తరాన 1806లో వెలసిన సికింద్రాబాదు దండులోనూ (కంటోన్మెంటు) అంతే. ఈ ముక్కలన్నిటికీ హైకోర్టు స్థానంలో రెసిడెంటు కూర్చునేవాడు. ఆయన మీద అప్పీలు సామ్రాజ్యానికి ఆఖరి కోర్టయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌కు. యూరోపియన్లయితే నిజాము రాజ్యంలో ఎక్కడ నేరం చేసినా నిజాము కోర్టులకు వాళ్ల మీద అధికారం లేదు.

అంటే ఆ రోజుల్లో ఒక మనిషి మీద కేసు ఏ కోర్టులో నడవాలో తేలాలంటే ఏం చేశాడు అని అడిగితే చాలదు. ఎక్కడ చేశాడు, ఎవరి ప్రజ, ఏ రంగు మనిషి అని ముందు అడగాలి. అఫ్జల్‌గంజ్‌లో జేబు కొట్టినవాడు నాలుగు సందులు పరిగెత్తి రెసిడెన్సీ బజారులో పడితే వెంటపడ్డ జవాను హద్దు దగ్గర ఆగిపోవాల్సిందే. ఆ తర్వాత కాగితాలు నడవాలి. రెండు ప్రభుత్వాల మధ్య నేరస్తులను అప్పగించుకునే ఒప్పందం 1867లో జరిగింది. చదువుతుంటే రెండు దేశాల వ్యవహారంలా ఉంటుంది, జరిగేది మాత్రం ఒకే కూరగాయల మార్కెట్టులో కూరలు కొనుక్కునే మనుషుల మధ్య.

ఈ హద్దు పెద్దవాళ్లనూ వదల్లేదు. నిజాము హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా చేసి, తర్వాత హోం సెక్రటరీ అయిన మెహదీ హసన్ తన భార్య మీద అచ్చయిన ఒక కరపత్రం గురించి 1892లో న్యాయం అడగాల్సి వచ్చింది. ఆ కేసు ఆయన కూర్చొని తీర్పులు చెప్పిన కోర్టులో నడవలేదు. రెసిడెన్సీ కోర్టులో నడిచింది. అక్కడ ఆయన ఓడిపోయాడు.

శంకర్‌పల్లి స్టేషన్లో ఒక అరెస్టు

అన్నిటికన్నా వింత ముక్క రైలు పట్టా. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు రైలు మార్గం 1874లో తెరిచారు. అది నిజాము డబ్బుతో, నిజాము నేల మీద పడ్డ లైను. అయినా రైళ్లలో, స్టేషన్లలో జరిగే దొంగతనాలూ కొట్లాటలూ ఎవరు విచారించాలన్న పేచీ తప్పించడానికి ఆ పట్టా వెంబడి సివిలు, క్రిమినలు అధికారాన్ని నిజాము ప్రభుత్వం బ్రిటిష్‌వాళ్లకు వదిలేసింది. ఇతర సంస్థానాల్లో రైలు మార్గాల మీద ఎలా ఉందో ఇక్కడా అలాగే అని. రాజ్యం నడిమధ్య నుంచి ఒక సన్నటి గీతలా బ్రిటిష్ చట్టం సాగిపోయింది. ప్లాట్‌ఫారం మీద ఒక చట్టం, స్టేషను బయట చింతచెట్టు కింద ఇంకో చట్టం.

1895లో ముహమ్మద్ యూసుఫుద్దీన్ అనే నిజాము ప్రజ ఆ లైను మీద ప్రయాణం చేస్తున్నాడు. శంకర్‌పల్లి స్టేషన్లో అతన్ని పట్టుకున్నారు. వారంటు ఇచ్చింది ఎక్కడో హిమాలయాల్లో ఉన్న సిమ్లా మెజిస్ట్రేటు. మోపిన నేరానికీ రైలుకూ సంబంధం లేదు. హైదరాబాదు నగరంలోనో శంకర్‌పల్లి ఊళ్లోనో పట్టుకోవాలంటే నిజాము ప్రభుత్వాన్ని అడగాలి. పట్టా మీద ఉన్నాడు గదా, పట్టా మాదే గదా అన్నది బ్రిటిష్‌వాళ్ల లెక్క.

యూసుఫుద్దీన్ ఊరుకోలేదు. కేసు ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1897లో లార్డ్ హాల్స్‌బరీ తీర్పు చెప్పాడు. నిజాము ఇచ్చింది నేల కాదు, రైలు పనికి కావలసినంత అధికారం మాత్రమే. పట్టా కింద ఉన్న భూమి ఇంకా హైదరాబాదు రాజ్యానిదే. రైలుతో సంబంధం లేని నేరానికి, సిమ్లా వారంటుతో, అక్కడ ఒక హైదరాబాదీని పట్టుకోవడం చెల్లదు. నీటి ప్రవాహం తన ఊటను మించిన ఎత్తుకు పోలేదని ఆయన అన్నాడు. ఇచ్చినవాడు ఎంత ఇచ్చాడో పుచ్చుకున్నవాడికి అంతే ఉంటుంది. సంస్థానాల రైలు పట్టాల మీద అధికారం ఎవరిదన్న మాట వచ్చినప్పుడల్లా ఈ తీర్పునే ముందుకు తెచ్చేవారు.

మా ఊరివాళ్లు మందుల కోసమో పెళ్లి బట్టల కోసమో నగరానికి రైలెక్కేది ఆ స్టేషన్లోనే. చిన్నప్పుడు నేనూ ఆ ప్లాట్‌ఫారం మీద పల్లీలు తింటూ కూర్చున్నాను. సామ్రాజ్యం తన హద్దు దాటిందని సామ్రాజ్యపు కోర్టే ఒప్పుకోవలసి వచ్చిన చోటు అదేనని బడిలో ఎవరూ మాకు చెప్పలేదు. ఇప్పుడు వెళ్లినా అక్కడ ఆ మాట రాసిన పలక కనిపించదు. ఉండాలని నాకు గట్టిగా ఉంది.

ఇలాంటి ముక్కలు నగరానికి బయటా ఉండేవి. కోదాడ దగ్గర మునగాల పరగణా చుట్టూ నిజాము నేల, నడుమ మాత్రం కృష్ణా జిల్లాకు చెందిన బ్రిటిష్ జమీందారీ. పక్క ఊరివాడి దావా ఉర్దూలో నల్లగొండ వైపు పోతే, మునగాలవాడి పెద్ద దావా ఇంగ్లీషులో బందరు జిల్లా కోర్టుకు పోయేది. ఇద్దరూ మాట్లాడే తెలుగు ఒకటే. ఒకడు పేషీకి పోయొస్తా అంటాడు, ఇంకొకడు వాయిదాకు వెళ్లొస్తా అంటాడు.

నల్ల కోటు, తెలుగు నోరు

ఈ రెండు వ్యవస్థల నడుమ నలిగిన మనుషుల్లో వకీళ్లను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. నిజాము కోర్టులో వకాలతు చేయాలంటే ఉర్దూలో పరీక్ష గట్టెక్కాలి. తెలుగు ఇంట పుట్టినవాడు పగలంతా ఉర్దూలో వాదించి, సాయంత్రం అరుగు మీద కక్షిదారుకు తెలుగులో విడమరిచి చెప్పాలి. 1921 నవంబరు 12న వివేకవర్ధిని ఆవరణలో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభలో గోల చేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే ఆంధ్ర జనసంఘం పుట్టింది. పుట్టించినవాళ్లలో మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు ఇద్దరూ వకీళ్లే. తెలుగు కోసం మొదట లేచిన గొంతులు ఉర్దూలో ఆరితేరినవాళ్లవి కావడం నాకు వింతగా తోచదు. తమ మాట తాము చదవలేని కాగితంగా ఎలా మారుతుందో రోజూ దగ్గరుండి చూసింది వాళ్లే. 1978లో హైదరాబాదు జిల్లా నుంచి చీల్చిన రంగారెడ్డి జిల్లాకు పేరిచ్చిన కొండా వెంకట రంగారెడ్డి కూడా ఆ తరం వకీలే. మా ముత్తాత బావి తగాదా లాంటిది ఇవాళ వస్తే వెళ్లాల్సింది ఆ జిల్లా కోర్టులకే.

ముక్కలు అతికిన తీరు

రెసిడెన్సీ బజారు 1933లో నిజాముకు తిరిగొచ్చి సుల్తాన్ బజారు అయింది. సికింద్రాబాదులో దండు మినహా మిగతాది 1945లో వచ్చింది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత నిజాము చట్టాలు వెంటనే పోలేదు. శిక్షాస్మృతి మొదలు ముఖ్యమైన భారత చట్టాలన్నీ హైదరాబాదులో అమల్లోకి వచ్చింది 1951 ఏప్రిల్ 1న.

ఆ నడిమి కాలంలో ఇరుక్కున్నవాళ్లున్నారు. సాయుధ పోరాటం కేసుల్లో ప్రత్యేక ట్రైబ్యునళ్లు ఉరిశిక్ష వేసిన 12 మంది రైతు బిడ్డల అప్పీళ్లను హైదరాబాదు హైకోర్టు 1949 డిసెంబరు నడుమన కొట్టేసింది. ఆరు వారాలకు, 1950 జనవరి 26న, సుప్రీం కోర్టు పుట్టింది. ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ అనే బారిస్టరు వచ్చి వాళ్ల తరఫున వాదించాడు. రాజ్యాంగం అమలుకు ముందే ముగిసిన హైదరాబాదు తీర్పుల మీద అప్పీలుకు అనుమతించే అధికారం మాకు లేదని సుప్రీం కోర్టు 1950 డిసెంబరులో చెప్పింది. అదే తీర్పు ఫిబ్రవరిలో వచ్చి ఉంటే వినేది. యూసుఫుద్దీన్‌కు కాళ్ల కింది నేల ఎవరిదన్నది ప్రాణం పోసింది, వీళ్లకు క్యాలెండరు అడ్డం పడింది. తర్వాత ఆ ఉరిశిక్షలు యావజ్జీవంగా మారాయి గానీ, అది కోర్టు తలుపు తెరవడం వల్ల కాదు.

నగరానికి సిటీ సివిల్ కోర్టు చట్టం 1954లో వచ్చింది. గుంటూరులో ఉన్న ఆంధ్ర హైకోర్టు 1956 నవంబరులో మూసీ ఒడ్డుకు చేరింది. కంపెనీ దారిన వచ్చిన వకీళ్లూ నిజాము దారిన వచ్చిన వకీళ్లూ మొదటిసారి ఒకే బార్ గదిలో కూర్చున్నారు.

మీ ఇంట్లోనూ ఇలాంటి కాగితం ఉంటే

తెలంగాణలో ఇంకా ఎన్నో సందూకుల్లో ఇలాంటి కాగితాలున్నాయి. ఆ పెద్దాయన దగ్గర కూర్చొని నేర్చుకున్న నాలుగు సంగతులు చెప్తాను.

తారీఖు ముందు చూడండి. నిజాము కోర్టులో నడిచింది ఫసలీ. సంవత్సరం అక్టోబరులో ఆజర్ నెలతో మొదలవుతుంది. ఆజర్, దై, బహమన్ ఇలా పారసీ నెలలు. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం, జనవరి మొదలు ఆ పై నెలలయితే 591. మా కాగితం మీద బహమన్ 1338 అని ఉంది. అంటే 1928 డిసెంబరు.

డబ్బు లెక్క వస్తే ఏ రూపాయో చూడండి. నిజాముది హాలీ సిక్కా, బ్రిటిష్‌ది కల్దారు. 7 హాలీలు 6 కల్దార్లకు సమానం. మా ముత్తాత కోర్టు ఖర్చు 21 రూపాయలని ఉంది, సిక్కా ఉస్మానియా. అదే రెసిడెన్సీ కోర్టు కాగితమైతే 18 అని ఉండేది.

మోహరు, అంటే కోర్టు ముద్ర, చూడండి. సర్కారు మున్సిఫుదా, జాగీరు కోర్టుదా అన్నది దాన్ని బట్టే తెలుస్తుంది. అసలు మిసలు, అంటే కేసు ఫైలు, కోసం ఎక్కడ వెతకాలో కూడా దాన్ని బట్టే.

ఇక ముద్దయి అన్న మాట వినపడగానే తలొంచుకోకండి. చదివేవాణ్ని ఆపి, దావా వేసింది ఎవరు, ఎవరి మీద అని తెలుగులో అడగండి. నేను ఆ సాయంత్రం ఇంటికి ఫోను చేసి ఆ మాటే చెప్పాను. బాపు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "బావి ఇంకా ఉంది కదరా, మోటారు పెట్టినం" అన్నాడు. ఈసారి గొంతు తగ్గించలేదు.